డాబా మీంచి నీహారికల ఫొటోలు: ట్రైపాడా, ట్రాకరా, స్మార్ట్ టెలిస్కోపా?

మా హాల్లో గోడ మీద ఒక ఫొటో ఉంటుంది. మా ఊరి పెద్దలు గొర్రుకొయ్యలు అని పిలిచే మూడు చుక్కలు, వాటి కింద వేలాడే చిన్న చుక్కల వరుస, ఆ వరుస నడుమ గులాబీ రంగులో విచ్చుకున్న ఒక మబ్బు. అది ఓరియన్ నీహారిక, మెస్యే అనే ఖగోళ శాస్త్రవేత్త జాబితాలో 42వది, అంటే ఎం42. సుమారు 1,340 కాంతి సంవత్సరాల దూరంలో, ఇప్పటికీ నక్షత్రాలు పుడుతున్న చోటు. ఇంటికొచ్చినవాళ్లు దాని ముందు కాసేపు నిలబడి, "ఏ టెలిస్కోప్‌తో తీసినవ్?" అని అడుగుతారు. అది టెలిస్కోప్‌తో తీసింది కాదు. సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్‌కు 135 ఎంఎం లెన్స్ పెట్టి, హనుమకొండలో మా డాబా మీంచే తీశాను. ఆ మాట విన్నాక రెండో ప్రశ్న వస్తుంది: "మరి నేను మొదలుపెట్టాలంటే ఏది కొనాలె?"

ఆరు చలికాలాలుగా ఈ పనిలో ఉన్నాను. అయినా ఆ ప్రశ్నకు ఒక్క పేరు చెప్పి పంపలేను. మనిషిని బట్టి, డాబాను బట్టి, మర్నాడు పొద్దున ఎన్నింటికి లేవాలో దాన్ని బట్టి జవాబు మారుతుంది. అందుకే ఉన్న నాలుగు దారులనూ, అంటే ట్రైపాడ్, ట్రాకర్, స్మార్ట్ టెలిస్కోప్, పెద్ద మౌంట్, పక్కపక్కన పెట్టి చెబుతాను. నాకు ఏది ఎక్కువ నచ్చిందో కూడా దాచను.

ముందు ఒక లెక్క

కంటికి కనిపించని మబ్బు ఫొటోలో ఎలా కనిపిస్తుందంటే, కన్ను వెలుగును దాచుకోలేదు, కెమెరా సెన్సర్ దాచుకుంటుంది. ఎంతసేపు షట్టర్ తెరిచి ఉంచితే అంత వెలుగు చేరుతుంది. కానీ భూమి తిరుగుతూనే ఉంటుంది. 23 గంటల 56 నిమిషాలకు ఒక చుట్టు, అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ. కెమెరా కదలకుండా ఉంటే చుక్కలు గీతలవుతాయి. నాలుగు దారుల మధ్య తేడా అంతా ఈ తిరుగుడును ఎలా తట్టుకుంటాయన్న దగ్గరే ఉంది.

ఇంకో సంగతి. ఎవరూ ఒక్క ఫొటోతో నీహారికను తీయరు. వందల ఫొటోలు తీసి కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరుస్తారు. దీన్నే స్టాకింగ్ అంటారు. వంద ఫొటోలు కలిపితే నీహారిక వెలుగు వందింతలవుతుంది, నాయిస్, అంటే బొమ్మను పాడుచేసే గరుకు, మాత్రం పదింతలే అవుతుంది. అంటే బొమ్మ పది రెట్లు శుభ్రపడుతుంది. కాబట్టి ఏది కొనాలో తేల్చుకునేటప్పుడు, "ఇది ఎంత దగ్గరగా చూపిస్తుంది?" అని అడగడం పనికిరాదు. "దీనితో ఏడాదిలో ఎన్ని గంటల వెలుగు పోగుచేయగలను?" అన్నదే అడగాల్సింది.

ఈ లెక్క తెలియకముందు నేను ఆన్‌లైన్‌లో ఒక టెలిస్కోప్ కొన్నాను. పెట్టె మీద పెద్దపెద్ద అక్షరాలతో వందల రెట్లు అని రాసి ఉంది. చందమామను బాగానే చూపించింది. కానీ సన్నటి కాళ్ల మీద గాలికి ఊగేది. కెమెరా తగిలించగానే ముక్కు కిందికి వాలిపోయేది. దానితో ఒక్క నీహారికనూ తీయలేకపోయాను. పిల్లలకు చంద్రుణ్ణి చూపించడానికైతే అలాంటివి సరే. ఈ పనికి మాత్రం కొనకండి.

ట్రైపాడ్: ఉన్నదానితోనే ఒక చలికాలం

ఇంట్లో డీఎస్ఎల్ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ ఉంటే మొదటి చలికాలం ఇంకేమీ కొనకపోవడమే మంచిది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్, గట్టి ట్రైపాడ్, వరసగా ఫొటోలు తీయించే రిమోట్ చాలు. 500ను లెన్స్ మీద ఎంఎంలో రాసి ఉండే ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే ఎన్ని సెకన్లు తెరవొచ్చో వస్తుందని ఒక పాత లెక్క ఉంది. చిన్న సెన్సర్ ఉన్న మామూలు కెమెరాకు ఆ ఫోకల్ లెంగ్త్‌ను ముందు 1.5తోనో 1.6తోనో గుణించాలి. అలా చూస్తే 50 ఎంఎంకు ఆరు సెకన్లు వస్తుంది. ఈ రోజుల్లోని కెమెరాలకు అది కూడా ఎక్కువే. మూడు నాలుగు సెకన్ల దగ్గర ఆగండి.

నాలుగు సెకన్ల చొప్పున గంటకు 900 ఫొటోలు. వాటిని డీప్‌స్కైస్టాకర్‌లోనో సిరిల్‌లోనో పేర్చాలి. రెండూ ఉచిత సాఫ్ట్‌వేర్లే. అర్ధగంటకోసారి బొమ్మ ఫ్రేమ్ అంచుకు జరుగుతుంది, లేచి సరిచేయాలి. షట్టర్ అరుగుదల కూడా గుర్తుంచుకోండి. తక్కువ ధర డీఎస్ఎల్ఆర్‌ల షట్టర్ ఆయుష్షు సుమారు లక్ష ఫొటోలని చెబుతారు. రాత్రికి రెండు వేల చొప్పున పోతే ఎన్ని రాత్రులో మీరే లెక్కేసుకోండి.

ఇంత చెప్పినా, నా మొదటి ఆనందం ఈ దారిలోనే దొరికింది. కృత్తికలను మా వైపు పిల్లలకోడి అంటారు. కోడి చుట్టూ పిల్లలు గుంపుగా ఉన్నట్టు ఉంటాయి కాబట్టి. నవంబర్‌లో ఒక రాత్రి 700 ఫొటోలు పేర్చి, వెలుగు సాగదీసి చూస్తే ఆ చుక్కల చుట్టూ పలచటి నీలం పొగ. మా అమ్మను పిలిచి చూపించాను. చిన్నప్పుడు పొలం కాడ పడుకుని పొద్దు ఎంతైందో తెలుసుకోవడానికి చూసిన చుక్కలవి. "దీనికి ఈ రంగు ఎప్పటి నుంచి ఉన్నది?" అని అడిగింది. అంతకుముందు అమావాస్య పూట రాత్రి డాబా ఎక్కితే ఊరుకునేది కాదు. ఇప్పుడు కృత్తికలు పైకి వచ్చే కాలంలో తనే వచ్చి కుర్చీ వేసుకుంటుంది.

ట్రాకర్: నా మనసు ఇటే

ట్రాకర్ అంటే కెమెరాకూ ట్రైపాడ్‌కూ మధ్య కూర్చునే చిన్న మోటారు. భూమి ఎంత వేగంతో తూర్పుకు తిరుగుతుందో అంతే వేగంతో కెమెరాను పడమరకు తిప్పుతుంది. స్కై-వాచర్ స్టార్ అడ్వెంచరర్, ఐఆప్ట్రాన్ స్కైగైడర్ ప్రో లాంటివి ఐదు కిలోల దాకా మోస్తాయని తయారీదారుల లెక్క. అందులో సగం, మహా అయితే మూడు కిలోలు పెడితే హాయిగా పనిచేస్తాయి. నాలుగు సెకన్ల ఫొటో నిమిషం ఫొటో అవుతుంది. వెయ్యి ఫైళ్ల బదులు అరవై ఫైళ్లు చాలు. కంప్యూటర్‌కూ మీకూ ఊపిరాడుతుంది.

లెన్స్ విషయంలో నా అభిప్రాయం గట్టిదే. 300, 400 ఎంఎంలకు పోకండి. 135 ఎంఎం తీసుకోండి. మామూలు కెమెరాతో అది ఆకాశంలో తొమ్మిది డిగ్రీల వెడల్పు, ఆరు డిగ్రీల ఎత్తు చూపిస్తుంది. ఆండ్రోమెడా గెలాక్సీ పొడవు మూడు డిగ్రీలు, అంటే ఆరు నిండు చందమామలు పక్కపక్కన పేర్చినంత. అది చుట్టూ ఖాళీతో నిండుగా కూర్చుంటుంది. గొర్రుకొయ్యలూ, కింది నీహారికా ఒకే ఫ్రేమ్‌లో వస్తాయి. ఫోకల్ లెంగ్త్ పెరిగే కొద్దీ ట్రాకర్ చేసే చిన్న తప్పు కూడా పెద్దగా కనిపిస్తుంది. 135 దగ్గర అది కప్పిపోతుంది. శామ్యాంగ్ 135 ఎంఎం ఎఫ్/2 లెన్స్‌కు ఈ పని చేసేవాళ్లలో ఇంత పేరు రావడానికి కారణం ఇదే. ఆటోఫోకస్ ఉండదు, ఈ పనికి అది అక్కర్లేదు కూడా.

ఇక కష్టాలు. ట్రాకర్ సరిగ్గా తిరగాలంటే దాని ఇరుసు ఉత్తర ధ్రువం వైపు చూడాలి. ధ్రువనక్షత్రం అసలు ధ్రువానికి ముప్పావు డిగ్రీ కన్నా దగ్గరగా ఉంటుంది కాబట్టి దాన్ని చూసి అమర్చుకుంటారు. మన వరంగల్ 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. కాబట్టి ధ్రువనక్షత్రం కూడా ఉత్తరాన దిగంతం మీద 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చేయి చాచి బొటనవేలూ చిటికెనవేలూ విప్పితే సుమారు 20 డిగ్రీలు. అంటే మన ధ్రువనక్షత్రం జానెడు ఎత్తు కూడా లేదు. ఉత్తరం పక్కన రెండంతస్తుల ఇల్లు, దాని మీద నీళ్ల ట్యాంకు ఉంటే అది కనపడనే కనపడదు. మాకు జరిగింది అదే. ట్రాకర్ కొన్నాక తెలిసింది. మీరు కొనకముందే డాబా ఎక్కి ఉత్తరం వైపు చేయి చాచి జాన పెట్టి చూడండి. పైసా ఖర్చు లేని పరీక్ష.

కనపడకపోతే దారి లేదని కాదు. ఫోన్‌లో దిక్సూచి, ఎత్తు కొలిచే యాప్ పెట్టి ఉజ్జాయింపుగా అమర్చి 20, 30 సెకన్ల ఫొటోలు తీయొచ్చు. పట్టణం వెలుగులో ఎలాగూ అంతకన్నా ఎక్కువసేపు తెరిస్తే ఆకాశం తెల్లబడిపోతుంది. లేదా స్టార్ అడ్వెంచరర్ జీటీఐ లాంటి గోటూ ట్రాకర్ (చెప్పిన చోటుకు తనే తిరిగేది) కొని లాప్‌టాప్ తగిలిస్తే, ఆకాశంలో ఏదో ఒక చోట మూడు ఫొటోలు తీసి ధ్రువం ఎక్కడుందో లెక్కగట్టే పద్ధతి నీనా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. నేను రెండేళ్ల తర్వాత దీనికి మారాను. అంతకుముందు రాత్రికి నలభై నిమిషాలు అమరికకే పోయేవి.

మిగతావి చిన్నచిన్నవే, కానీ రాత్రిని మింగేస్తాయి. డిసెంబర్‌లో రెండు దాటాక లెన్స్ మీద మంచు పడుతుంది. పవర్‌బ్యాంక్‌తో నడిచే హీటర్ పట్టీ లెన్స్‌కు చుట్టకపోతే చివరి గంట ఫొటోలన్నీ మసకే. చలి పెరిగే కొద్దీ ఫోకస్ జరుగుతుంది, గంటకోసారి చూసుకోవాలి. స్లాబు మీద మనిషి నడిస్తే చుక్కలు వణుకుతాయి. అమరిక చెదరకూడదని ఒకసారి ట్రైపాడ్‌ను పగలంతా అక్కడే వదిలితే కోతులు వచ్చి కప్పిన గుడ్డ లాక్కుపోయాయి, ట్రైపాడ్ పడిపోయింది. అప్పటి నుంచి మూడు కాళ్ల స్థానాలూ స్లాబు మీద పెయింట్‌తో గుర్తు పెట్టుకుని, ప్రతి రాత్రీ విప్పి కిందికి తెస్తున్నాను.

ఇవన్నీ దాటి, తెల్లారి ఫైళ్లు పేర్చి, పేర్చిన బొమ్మలోంచి ఆకాశపు బూడిద వెలుగు తీసేసినప్పుడు అడుగున ఆండ్రోమెడా దుమ్ము చారలు బయటపడతాయి. ఆ వెలుగు అక్కడ బయల్దేరి 25 లక్షల ఏళ్లయింది. దాన్ని మన చేతులతో అమర్చిన లెన్స్ పట్టుకుంది. ఈ తృప్తి నాకు ఇంకే పరికరమూ ఇవ్వలేదు.

స్మార్ట్ టెలిస్కోప్: తీసేయదగ్గది కాదు

మొదట్లో నాకు వీటి మీద నమ్మకం ఉండేది కాదు. తెలిసినవాళ్ల దగ్గర ఒకటి నెలరోజులు వాడాక అభిప్రాయం మార్చుకున్నాను. సీస్టార్ ఎస్50 అనేది 2023లో వచ్చింది. రెండున్నర కిలోల బరువు, 50 ఎంఎం వెడల్పున్న లెన్స్, 250 ఎంఎం ఫోకల్ లెంగ్త్. డ్వార్ఫ్ 3, సీస్టార్ ఎస్30 ఇంకా చిన్నవి. డాబా మీద సమంగా పెట్టి, ఫోన్‌లో నీహారిక పేరు నొక్కితే చాలు. అదే ఆకాశం ఫొటో తీసి ఎక్కడుందో గుర్తుపట్టి, అటు తిరిగి, ఫోకస్ చేసుకుని, పది సెకన్ల ఫొటోలు తీస్తూ అక్కడికక్కడే పేరుస్తుంది. ధ్రువనక్షత్రం కనిపించాల్సిన పని లేదు. పెట్టిన ఐదారు నిమిషాలకే బొమ్మ మొదలవుతుంది.

ఇందులో ట్రాకర్‌తో రాని ఆనందం ఒకటుంది. అది నలుగురితో పంచుకునేది. బొమ్మ ఫోన్‌లో నిమిషనిమిషానికీ తేటపడుతుంటే పక్కింటి పిల్లలు చుట్టూ మూగుతారు. నేను ట్రాకర్‌తో తీసింది వాళ్లకు మూడు రోజుల తర్వాత చూపిస్తాను, అప్పటికి వాళ్ల ఉత్సాహం తగ్గిపోతుంది. బడిలో సైన్స్ చెప్పేవాళ్లకు ఇంతకన్నా మంచి పరికరం నాకు తెలియదు.

ఎరుపు రంగు విషయంలో కూడా దీనిదే పైచేయి. నీహారికల్లోని హైడ్రోజన్ 656 నానోమీటర్ల దగ్గర ఎర్రగా వెలుగుతుంది. మామూలు కెమెరాల్లో సెన్సర్ ముందున్న ఫిల్టర్ ఆ ఎరుపులో చాలా భాగాన్ని ఆపేస్తుంది. ఎం42 ప్రకాశవంతం కాబట్టి వస్తుంది. రోజెట్ నీహారిక, గుర్రం తల నీహారిక మాత్రం డీఎస్ఎల్ఆర్‌లో నీరసంగా వస్తాయి. ఆ ఫిల్టర్ తీయించొచ్చు, కానీ వారంటీ పోతుంది, పగటి ఫొటోల రంగులు మారిపోతాయి. స్మార్ట్ టెలిస్కోపుల్లో ఈ గొడవ లేదు. పైగా ఎస్50లో పట్టణం వెలుగును తగ్గించే ఫిల్టర్ లోపలే ఉంటుంది. గుర్రం తలను మొదట 1888లో హార్వర్డ్ గాజు ప్లేటు మీద విలియమినా ఫ్లెమింగ్ గుర్తించింది. అదే ఆకారం మన కాలనీలో, వీధిలైటు పక్కన, గంటలో ఫోన్ మీదికి వస్తుంది.

లోపాలూ చెప్పాలి. ఎస్50 ఒకసారికి చూసేది సుమారు డిగ్రీంబావు పొడవు, ముప్పావు డిగ్రీ వెడల్పు. ఆండ్రోమెడా పట్టదు, ముక్కలుగా తీసి అతికించాలి. లెన్స్ మార్చలేరు, సెన్సర్ మార్చలేరు. కొన్న రోజు ఎలా ఉందో అంతే. ఇంకోటి మన ప్రాంతానికి సంబంధించింది. మామూలు పద్ధతిలో ఇవి పైకీ కిందికీ, కుడికీ ఎడమకూ కదులుతూ వెంబడిస్తాయి. అందువల్ల బొమ్మ ఫ్రేమ్‌లో మెల్లగా గిర్రున తిరుగుతుంది, అంచులు పాడవుతాయి. భూమధ్యరేఖకు దగ్గరయ్యే కొద్దీ ఈ తిరుగుడు ఎక్కువ. మనం 18 డిగ్రీల మీద ఉన్నాం కాబట్టి దాదాపు పూర్తిగా తగులుతుంది. నేరుగా తూర్పున గానీ పడమర గానీ ఉన్నవాటికి ఇది చాలా తక్కువ, నడినెత్తిన ఉన్నవాటికి చాలా ఎక్కువ. కృత్తికలు మన దగ్గర 84 డిగ్రీల ఎత్తుకు, అంటే దాదాపు నడినెత్తికి వస్తాయి. అప్పుడు తీయకుండా తూర్పున సగం ఎత్తులో ఉన్నప్పుడే తీసుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్తతో మా బొమ్మలు ఎంతో మెరుగుపడ్డాయి.

ధర యాభై వేల పైమాటే. ఇంట్లో కెమెరా ఉన్నవాళ్లకు ట్రాకర్ దీనికన్నా చవకలో పడుతుంది. కెమెరా, లెన్స్, ట్రాకర్ అన్నీ కొత్తగా కొనేవాళ్లకు మాత్రం స్మార్ట్ టెలిస్కోపే చవక.

పెద్ద మౌంట్

హెచ్ఈక్యూ5, ఈక్యూ6-ఆర్ లాంటి బరువైన మౌంట్, అంటే టెలిస్కోప్‌ను మోస్తూ తిప్పే మోటారు పీఠం, దాని మీద చిన్న రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్), తిరుగుడులో తప్పును సరిదిద్దే గైడ్ కెమెరా, కూలింగ్ ఉన్న కెమెరా. మొత్తం రెండున్నర, మూడు లక్షలు దాటుతుంది. ఫలితం మిగతా మూడింటికీ అందదు. కానీ ప్రతి రాత్రీ ముప్పై కిలోలు మెట్లెక్కించాలి. డాబా మీద తాళం వేసుకునే గది లేకపోతే మూడో నెలకే బద్ధకం వస్తుంది. అలాంటి గది, ఉత్తరం తెరుపు, ట్రాకర్‌తో రెండు చలికాలాల అనుభవం, ఈ మూడూ ఉంటేనే ఇటు చూడండి. మన అక్షాంశానికి మౌంట్ 18 డిగ్రీల దాకా వాలుతుందో, వాలినప్పుడు కౌంటర్‌వెయిట్ (తూకం కోసం పెట్టే బరువు) ట్రైపాడ్ కాలికి తగులుతుందేమో ముందే అడిగి తెలుసుకోండి.

డాబానా, ఊరా?

పరికరం కన్నా పెద్ద ఎంపిక ఇది. దీన్ని ఎవరూ అడగరు.

మా అమ్మమ్మ వాళ్ల ఊరు ములుగు దాటాక, గోవిందరావుపేట వైపు. అక్కడ చలికాలం రాత్రి పాలపుంత అంచు కంటికి కనిపిస్తుంది. హనుమకొండలో రెండో తరగతి చుక్కలు వెతుక్కోవాలి. లెక్క ఇలా ఉంటుంది: ఆకాశం రెండు మ్యాగ్నిట్యూడ్లు (వెలుగును కొలిచే మెట్లు) చీకటిగా ఉంటే దాని వెలుగు ఆరో వంతుకు పడిపోతుంది. అప్పుడు అక్కడి ఒక గంట ఇక్కడి ఆరు గంటలకు సమానం. ఊరికీ పట్టణానికీ మధ్య తేడా అంతకన్నా ఎక్కువే. ఊర్లో నాలుగు గంటలు తీస్తే, ఇక్కడ ఇరవై నాలుగు గంటలు, అంటే ఆరేడు రాత్రుల పని.

ఈ బాధ కొత్తది కాదు. 1908లో ప్రభుత్వం చేతికి వచ్చిన హైదరాబాద్ నిజామియా అబ్జర్వేటరీ, ప్రపంచ దేశాలు కలిసి చేసిన ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ అనే నక్షత్రాల జాబితా కోసం ఆకాశంలో దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీని 8 అంగుళాల కుక్ టెలిస్కోప్‌తో గాజు ప్లేట్ల మీద తీసింది. అదంతా బేగంపేటలోనే. 1960ల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి 48 అంగుళాల టెలిస్కోప్ వచ్చేసరికి దాన్ని నగరంలో పెట్టలేదు, దూరంగా జపాల్-రంగాపూర్ దగ్గర పెట్టారు.

అయినా డాబాను వదలకండి. ఊరికి నేను ఏడాదికి నాలుగైదు సార్లు పోగలను. పోయిన రాత్రే మబ్బు పడితే అంతే. డాబా రోజూ ఉంటుంది. తొమ్మిదింటికి మబ్బు విడిస్తే తొమ్మిదిన్నరకు పని మొదలవుతుంది. కాబట్టి దేన్ని ఎక్కడ తీయాలో పంచుకోవాలి. తనంతట తాను వెలిగే నీహారికలను, అంటే ఎం42, రోజెట్, ఉత్తర అమెరికా నీహారిక లాంటివాటిని డ్యూయల్‌బ్యాండ్ ఫిల్టర్ పెట్టి డాబా మీదే తీయండి. ఆ ఫిల్టర్ హైడ్రోజన్ ఎరుపునూ, ఆక్సిజన్ వెలిగే 500 నానోమీటర్ల పచ్చ-నీలాన్నీ మాత్రమే వదులుతుంది. వెన్నెల రాత్రి కూడా పని నడుస్తుంది. గెలాక్సీలకు ఇది పనికిరాదు. వాటి వెలుగు అన్ని రంగుల్లోనూ ఉంటుంది, ఫిల్టర్ దాన్నే ఆపేస్తుంది. గెలాక్సీలు, కృత్తికల చుట్టూ ఉన్న దుమ్ము, పాలపుంత, ఇవి ఊరి పనులు. సోడియం దీపాల కాలంలో ఆ పసుపును ఆపే చవక ఫిల్టర్లు పనిచేసేవి. ఇప్పుడు వీధుల్లో ఎల్ఈడీలు. వాటి తెల్ల వెలుగు అన్ని రంగుల్లోనూ పరుచుకుంటుంది కాబట్టి ఆ పాత ఫిల్టర్లు ఎవరైనా అమ్మజూపితే కొనకండి.

ఊరికి పోయేవాళ్లకు ఒక మాట. చీకటి ఉంది కదా అని ఏటూరునాగారం, పాకాల అడవుల్లోకి రాత్రిపూట అనుమతి లేకుండా వెళ్లకండి. తెలిసినవాళ్ల ఇల్లు, వాళ్ల వాకిలి చాలు. వాకిట్లో లైటు ఆర్పమని అడగండి, సంతోషంగా ఆర్పుతారు. పొలం గట్ల మీద పురుగూ పుట్రా చూసుకోండి, కుర్చీ ఎత్తుగా ఉండేది తీసుకెళ్లండి.

ఎవరికి ఏది

చిన్నపిల్లలున్న ఇల్లు, పొద్దున ఆరింటికే డ్యూటీ, కంప్యూటర్ ముందు గంటలు కూర్చునే ఓపిక లేకపోవడం, ఉత్తరం మూసుకుపోయిన డాబా: వీటిలో రెండు మీకు వర్తిస్తే స్మార్ట్ టెలిస్కోప్ తీసుకోండి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కూడా అదే. ఇప్పటికే కెమెరా ఉంది, ఊరికి అప్పుడప్పుడు పోతారు, చేత్తో చేసే పని అంటే ఇష్టం ఉంటే ట్రాకర్, 135 ఎంఎం. ఇంకా తేల్చుకోలేకపోతే ట్రైపాడ్‌తో నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా గడపండి. ఆ నాలుగు నెలల్లో పది రాత్రులు డాబా ఎక్కలేకపోతే, ఏది కొన్నా అది అల్మారాలోనే ఉంటుంది.

మన క్యాలెండర్

ఏది కొన్నా జూన్ నుంచి సెప్టెంబర్ దాకా దాన్ని పెట్టెలో పెట్టాల్సిందే. వానాకాలం. పాలపుంత నడిబొడ్డు సాయంత్రం వేళ ఎత్తుకు వచ్చేది సరిగ్గా ఆ నెలల్లోనే కావడం మన వాళ్లకు పెద్ద లోటు. దాన్ని పట్టాలంటే మార్చిలో తెల్లారగట్ల మూడు తర్వాత, ఏప్రిల్‌లో అర్ధరాత్రి దాటాక లేవాలి. పెత్రమాస అమావాస్యకు, ఎంగిలిపూల బతుకమ్మ రోజు, ఆకాశం చీకటే కానీ మబ్బులు ఇంకా పోవు. దీపావళి అమావాస్య ఇంకా కష్టం, పటాకుల పొగ రెండు రోజులు దిగదు. అసలైన కాలం ఆ తర్వాత మొదలవుతుంది. నవంబర్ మధ్యలో ఆండ్రోమెడా రాత్రి తొమ్మిదిన్నరకు అన్నిటికన్నా ఎత్తుకు వస్తుంది, ఉత్తరాన 67 డిగ్రీలు. జనవరి మధ్యలో ఎం42 పదింటికి దక్షిణాన సరిగ్గా అంతే ఎత్తుకు వస్తుంది. వరికొయ్యలు కాల్చే వారాల్లో పొగ అడ్డు తగులుతుంది, అప్పుడు ఎత్తున ఉన్నవాటినే ఎంచుకోవాలి. మేడారం జాతర మాఘ పౌర్ణమి రోజుల్లో కాబట్టి మన అమావాస్యలకు అడ్డు రాదు, కానీ దాని ముందు వారాల్లో ఆ రోడ్డు మీద కారు కదలదు.

ఏప్రిల్, మే నెలల్లో ఉత్తర దేశాల వాళ్లకు దొరకని ఒకటి మనకుంది. ఒమేగా సెంటారి అనే నక్షత్ర గుచ్ఛం దక్షిణాన 24 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. దానికి ఫిల్టర్ అక్కర్లేదు, గంట చాలు. సెన్సర్ వేడిని మాత్రం గమనించండి. సుమారు ఆరు డిగ్రీలు పెరిగితే సెన్సర్ లోపల వేడికి పుట్టే దొంగ వెలుగు (డార్క్ కరెంట్) రెట్టింపవుతుంది. డిసెంబర్ రాత్రి కన్నా మే రాత్రి పన్నెండు డిగ్రీలు ఎక్కువైతే నాలుగింతలు. సాయంత్రం స్లాబు మీద నీళ్లు చల్లితే కొంత నయం. డార్క్ ఫ్రేములు, అంటే మూత పెట్టి తీసే ఫొటోలు, ఆ రాత్రివే వాడండి, చలికాలంలో తీసినవి పనికిరావు. ఫ్లాట్ ఫ్రేములకు, అంటే లెన్స్ మూలల మసకను సరిచేయడానికి తీసే ఫొటోలకు, తెల్లారి వెలుగులో లెన్స్‌కు తెల్ల పంచె బిగించి కడితే సరిపోతుంది.

సెకండ్‌హ్యాండ్ లెన్స్ కొనేవాళ్లు పగలు చూసి డబ్బివ్వకండి. మన వానాకాలం తేమకు లోపల ఫంగస్ పడుతుంది. వెనక నుంచి టార్చ్ వేసి చూస్తే సాలెగూడులా కనిపిస్తుంది. అది లేకపోతే, ఒక రాత్రి వాడి చూసి ఇస్తానని అడగండి. ప్రకాశమైన ఒక చుక్కను ఫ్రేమ్ మధ్యలో, తర్వాత నాలుగు మూలల్లో పెట్టి ఒక్కో సెకను తీయండి. నాలుగు మూలల్లోనూ చుక్క ఒకేలా సాగితే లెన్స్ తప్పు కాదు, ఎఫ్/2.8కో ఎఫ్/4కో తగ్గిస్తే సర్దుకుంటుంది. ఒక మూలలో తోక, ఎదురు మూలలో గుండ్రం ఉంటే లోపలి అద్దం ఒరిగిందన్నట్టు. దాన్ని తిరిగి ఇచ్చేయండి.